ఎడమ దిక్కు సౌండు

నేను ఒక దొంగ క్యాసెట్టును. దొంగ అంటే ఎవరో ఎత్తుకొచ్చిన సరుకును కాదు. దొంగ స్వామి అంటారే, ఆ రకం. పైకి చూస్తే అచ్చం క్యాసెట్టే. అదే పొడవు, అదే వెడల్పు, అవే రెండు పళ్ళ చక్రాలు. కడుపు విప్పి చూస్తే మాత్రం టేపు ముక్క కనబడదు. నా ఒంట్లోంచి గజం పొడవున నల్ల వైరు బయటికి వస్తుంది, దాని కొసన ఒక పిన్ను ఉంటుంది. ఆ పిన్ను ఫోనులో గుచ్చి, నన్ను కారు టేప్‌రికార్డరు నోట్లో పెడితే, ఫోనులోని పాట నాలోంచి పోయి స్పీకర్లలో పలుకుతుంది. నా ముందు అంచున గోరంత ఇనుప ముక్క ఉంది. టేప్‌రికార్డరు లోపలా అలాంటి ముక్కే ఉంటుంది, దాన్ని మెకానిక్కులు హెడ్డు అంటారు. ఆ రెండు ముక్కలూ చెంపకు చెంప ఆనుకుంటేనే పాట. మధ్యలో వెంట్రుక అడ్డం వచ్చినా పాట చెడుతుంది.

నా పుట్టుకే దెబ్బతో మొదలైంది. చైనాలో ఒక ఫ్యాక్టరీలో ఒక ఆడమనిషి రోజంతా రెండు డిప్పలను కలిపి, చేతి మిషను కింద పెట్టి, ఒక్క పోటు పొడిచేది. ఆ పోటుకు అతుక్కుంటే క్యాసెట్టు, పగిలితే చెత్త. నేను అతుక్కున్నాను. ఓడెక్కి, లారీ ఎక్కి, హైదరాబాదులో ఒక ఇరుకు సందులో దుకాణం గోడకు వేలాడాను. అక్కడ నన్ను కొన్నవాడు గంగాధర్ అని పురుగుమందుల కంపెనీలో సేల్స్ మనిషి. పాత మారుతి కారులో ఊళ్ళు తిరిగేవాడు. పైవాళ్ళు ఫోనులో తిట్టినప్పుడల్లా ఫోను పెట్టేసి టేప్‌రికార్డరును గుద్దేవాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపడం మనుషులకు ఎంత సులువో అక్కడే మొదటిసారి చూశాను. జమ్మికుంట దారిలో ఒకరోజు ఆ కోపంలోనే ఒక మేకను తొక్కించాడు. మేక కోసం పరుగెత్తుకొచ్చిన జనం అతన్ని కిందికి లాగి గొడ్డును బాదినట్టు బాదారు, కారు అద్దాలన్నీ రాళ్ళతో పగలగొట్టారు. పై పెదవి చీలి, చొక్కా నెత్తురై, బ్యాగూ నన్నూ చంకన పెట్టుకుని అతను ఒక టాటా సుమో ఎక్కి ఇంటికి పోయాడు. దిగేటప్పుడు బ్యాగు గుర్తుంది, నేను గుర్తులేను.

ఆ సుమో సారంగపాణిది. జమ్మికుంట సుమో అడ్డాలో అతన్ని అందరూ సారంగం అనేవారు. ముప్పై అయిదేళ్ళుంటాయి, మెడ లావు, కుడి చెయ్యి మరీ లావు. నన్ను చూసి మురిసిపోయాడు. నాకు వైరు క్యాసెట్టని పేరు పెట్టాడు. బండి అంటే అతనికి ప్రాణం. ప్రతి పొద్దునా తడిగుడ్డతో ఒళ్ళంతా తుడిచేవాడు. ప్యాసింజరు తలుపు కాస్త గట్టిగా వేస్తే చాలు, "మెల్లగ! దానికి పానం లేదా?" అని మీదికొచ్చేవాడు. ఇనుముకు ప్రాణముందని నమ్మినవాడు మనుషులకు మాత్రం ఉందనుకున్నట్టు కనబడడు. అడ్డాలో తన వంతు రాకముందే ప్యాసింజర్లను ఎక్కించుకున్నాడని కొంరెల్లి అనే డ్రైవరు పళ్ళు రెండు రాలగొట్టాడు. ఆ పళ్ళలో ఒకటి మా బండి పాదాల చాప మీద రెండు రోజులు దొర్లింది.

అతని భార్య స్వరూప. ఏడు మైళ్ళ దూరంలో కొత్తగట్టు అనే ఊళ్ళో సబ్ సెంటరులో నర్సు. సూదులు వేస్తుంది, బీపీ చూస్తుంది, గర్భిణుల కడుపు మీద గొట్టం పెట్టి చెవి ఆనించి లోపలి బిడ్డ గుండె వింటుంది. కొన్ని రోజులు సారంగపాణి తన ట్రిప్పులోనే ఆమెను దింపేవాడు. ముందు సీట్లో, ఎడమ తలుపు పక్కన కూర్చునేది. ఆమె మోకాలి దగ్గరే ఎడమ స్పీకరు. దారి పొడుగునా పాట వింటూ, పెదవులు కదపకుండా గొంతులోనే కూనిరాగం తీసేది. ఆ కూనిరాగం బండిలో ఇంకెవరికీ వినబడేది కాదు. నాకు బాగుండేది.

దసరా వచ్చింది. దసరా అంటే మా వాళ్ళకు బండి పండుగ. సారంగపాణి తెల్లారకముందే లేచి సుమోను కడిగాడు. బంతిపూల దండలు కట్టాడు. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. ఇక బొట్లు. స్టీరింగుకు, గేరు రాడ్డుకు, జాకీకి, పానాలకు, స్టెప్నీకి అన్నిటికీ పసుపు పూసి కుంకుమ అద్దాడు. అన్నం పెట్టే పనిముట్టు ఏదీ బొట్టు లేకుండా ఉండకూడదని అతని పట్టుదల. నన్నూ చేతిలోకి తీసుకున్నాడు. భక్తిగా చూశాడు. తడి పసుపు బొటనవేలితో తీసి, ఎక్కడ పూయాలా అని వెతికి, ముందు అంచున మెరిసే ఆ గోరంత ఇనుప ముక్క మీద దట్టంగా పూశాడు. దాని మీద కుంకుమ. కళ్ళకద్దుకుని నన్ను టేప్‌రికార్డరులోకి తోశాడు.

నాకు నోరుంటే అప్పుడే చెప్పేదాన్ని.

భక్తి పాట పెట్టాడు. చుట్టుపక్కల వాళ్ళంతా తమ తమ బండ్ల దగ్గర నిలబడి చూస్తున్నారు. పాట వచ్చింది. కానీ బొంత కింద పడుకుని ఎవరో పాడుతున్నట్టు మూలుగుతూ వచ్చింది. సౌండు పెంచాడు, మూలుగు పెరిగింది. నన్ను బయటికి లాగాడు, ఊదాడు, మళ్ళీ తోశాడు. అరచేత్తో టేప్‌రికార్డరు నెత్తిన రెండు చరిచాడు. అదే మూలుగు. పక్కింటి ట్రాక్టరాయన నవ్వాడు. ఆ నవ్వుకు సారంగపాణి ముఖం కందగడ్డయింది.

"స్వరూపా!" అని పిలిచాడు. ఆమె కొబ్బరికాయ పళ్ళెంతో బండి దగ్గరికి వచ్చింది.

"నిన్న దీనికి నీ ఫోను వెట్టినవ్ గదా? ఏం జేసినవే?"

"నేనేం జెయ్యలే. పాట ఇన్న, తీసి అండ్లనే వెట్టిన."

"ఏం జెయ్యకుంటె ఎట్ల ఖరాబైతది?"

"నన్నడుగుతె నాకేం ఎరుక? నువ్వే ఏమన్న..."

ఆ మాట పూర్తికాలేదు. సారంగపాణి కుడి చెయ్యి లేచి ఆమె ఎడమ చెంపా చెవీ కలిపి పడింది. నాలోంచి ఎన్నో దరువులు పోయాయి, డప్పులు పోయాయి. అలాంటి చప్పుడు ఎప్పుడూ పోలేదు. పళ్ళెం ఎగిరి పడింది, కొబ్బరికాయ బండి కిందికి దొర్లింది. ఆమె బానెట్టు మీద చెయ్యి ఆనించి నిలబడింది. అతను పండుగ ఆపలేదు. గుమ్మడికాయ ఎత్తి బండి చుట్టూ మూడుసార్లు తిప్పి, రోడ్డు మధ్యన నేలకేసి కొట్టాడు. దిష్టి పోయిందన్నారు అందరూ.

కథలు చెప్పేవాళ్ళు అసలు సంగతి చివరిదాకా దాస్తారు. నాకు ఆ ఓపిక లేదు, ముందే చెప్పేస్తాను. ఆ దెబ్బకు స్వరూప ఎడమ చెవిలో కర్ణభేరి చిరిగిపోయింది. నా మీద పూసిన పసుపుకు ఆమె చెవి బలైంది. ఈ సంగతి సారంగపాణికి తెలియదు. నాకూ అప్పుడు తెలియదు.

రెండు రోజుల తర్వాత అతను నన్ను యాకూబ్ దగ్గరికి తీసుకుపోయాడు. బస్టాండు ఎదురుగా యాకూబ్‌కు రేడియోలు బాగుచేసే దుకాణం ఉంది. అరవై దాటిన మనిషి. రేడియోలు పోయి టేపులొచ్చినా, టేపులు పోయి ఫోన్లొచ్చినా ఆ కుర్చీ మీంచి లేవలేదు. బండిని దుకాణం ముందే ఆపించి, నన్ను వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అరె సారంగం, దీనికి బొట్టెవలు వెట్టిన్రు?"

"నేనే వెట్టిన. పండుగ గదా."

"చెవులల్ల పసుపు వోసుకుంటె ఇనవడ్తదా భాయ్?"

పుల్లకు దూది చుట్టి, స్పిరిట్టులో ముంచి, నా ఇనుప ముక్కనూ టేప్‌రికార్డరు హెడ్డునూ మెల్లగా తుడిచాడు. దూది పచ్చగా అయింది, తర్వాత ఎర్రగా అయింది. మూడో దూది తెల్లగా వచ్చింది. పాట పెట్టాడు. గంట కొట్టినట్టు పలికాను.

సారంగపాణి డబ్బులిచ్చి బండెక్కాడు. తిరిగి వస్తున్నంతసేపూ నేను ఎదురుచూశాను. ఇంటికి పోగానే చెబుతాడు, తప్పు నాదేనే అంటాడు, అనుకున్నాను. మనుషుల గురించి నాకు అప్పటికి ఇంకా ఆశ ఉండేది. సాయంత్రం కొత్తగట్టులో స్వరూప ఎక్కింది. చెవిలో దూది ఉంది, జడ ముందుకు వేసుకుని దాన్ని కప్పింది. అతను పాట పెట్టి, "మంచిగైంది. ఇనవడ్తుందా?" అన్నాడు. తప్పు నాదేననే మాట ఎక్కడా లేదు.

ఆమె ముఖం మొత్తం అతని వైపు తిప్పుకుని, అప్పుడు చెప్పింది. "నాకు ఈ దిక్కు ఇనవడ్తలేదు."

"ఈ దిక్కంటె? ఎడమ స్పీకరా?"

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. అతను బండి ఆపి, స్పీకరును కాలితో రెండు తన్ని, మళ్ళీ పోనిచ్చాడు. అప్పుడు నాకూ కోపం వచ్చింది. నా ఎడమా కుడీ రెండూ సమానంగా పోతున్నాయని నాకు తెలుసు కదా. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నన్ను అంటుందేమిటి ఈమె, అనుకున్నాను. లోకంలో ఏ మాట వినబడినా అది తన గురించేనని అనుకోవడం నాకు సారంగపాణి దగ్గర అంటిన జబ్బు.

నా కళ్ళు తెరిపించింది డీజిలు బంకు. అతను దిగి డీజిలు పోయించుకుంటుంటే స్వరూప తన అక్కకు ఫోను చేసింది. ఫోను కుడి చెవికి పెట్టుకుంది.

"డాక్టరుకు సూపెట్టుకున్ననక్కా. చెవుల పర్ద పలిగిందన్నడు. మూన్నెల్లల్ల దానంతటదే అతుక్కోవచ్చట. నీళ్ళు వోనియ్యద్దట... ఎట్ల పలిగిందని అడిగిండు. బాత్రూంల జారిపడ్డ అని చెప్పిన." కొంచెంసేపు అవతలి మాట వింది. "లే, ఆయనకు చెప్పలే. చెప్తె, నేను గుద్దితె పలిగిందంటవా అని దానికో దెబ్బ వడ్తది. ఇంకో దెబ్బ వడ్డదంటె ఇగ అతుకదట అక్కా. బిడ్డ గుండె ఇనాలె గద నేను. ఇప్పుడు కుడి చెవి వెడ్తున్న, అలవాటు లేదు, భయమైతున్నది."

ఆ రోజు నుంచి నాకు పాట మీద ధ్యాస పోయింది. ఎప్పుడూ అతని కుడి చెయ్యి మీదే నా ధ్యాస. స్టీరింగు మీద ఉందా, హారను మీద ఉందా, గాలిలోకి లేస్తోందా? మూడు నెలలు ఆ చెయ్యి ఆమె ఎడమ వైపుకు పోకుండా ఉంటే చాలు. నేను మొక్కే దేవుడంటూ ఎవరూ లేరు కాబట్టి ఎవరికీ మొక్కలేదు.

కానీ సారంగపాణి ఏదైనా పట్టుకుంటే ఉడుంపట్టే. సౌండు ఒక దిక్కు రావడం లేదంటే అతని బండికే అవమానం. మొదట తప్పు ఫోనుదన్నాడు. ఫోనుకున్న రబ్బరు కవరు వల్ల నా పిన్ను పూర్తిగా లోపలికి పోవడం లేదని ఎవరో చెప్పారు. ఆ మాటలో నిజం లేకపోలేదు, వెంట్రుకంత తేడా ఉంది. అతను కత్తితో ఆ కవరును చీరిపారేశాడు. నా పిన్నును సుత్తితో కొట్టినట్టు లోపలికి దిగ్గొట్టాడు. మరునాడు ఆమె ఎక్కగానే అడిగాడు.

"ఇప్పుడు?"

"నాకీ దిక్కు ఇనవడ్తలేదు."

తర్వాత తప్పు నా వైరుదన్నాడు. పిన్ను దగ్గర వంగి లోపల తెగిందన్నాడు. వైరును మెడ పిసికినట్టు పిసికి, మెలితిప్పి, పళ్ళతో తొక్క చీల్చి చూసి, నల్ల టేపు చుట్టాడు. ఏమీ తెగలేదు, అతను చీల్చిందే కొత్త గాయం. ఫోను ఛార్జింగు పెట్టి పాట పెడితే ఇంజను చప్పుడు కుయ్యిమని పాటలో కలుస్తోందని ఛార్జరును నేలకేసి కొట్టి, టైరు కింద పెట్టి తొక్కించాడు. మళ్ళీ అడిగాడు. ఆమె అదే మాట చెప్పింది. గొంతు పెంచదు, తగ్గించదు. ప్రతిసారీ అతని కుడి చెయ్యి స్టీరింగు మీంచి కొంచెం లేచేది. ఆమె తల కిటికీకి ఆనించి, ఎడమ చెవిని అద్దానికి దాచుకునేది. చెయ్యి ఎటో తిరిగి టేప్‌రికార్డరు మీద పడేది. ఆ దెబ్బ నాకు తగిలిన ప్రతిసారీ నాకు హాయిగా ఉండేది. నిజం చెబుతున్నాను.

నెల దాటాక తలుపు మీద పడ్డాడు. లోపలి అట్టను స్క్రూలు విప్పకుండానే పెరికి, పాత స్పీకరును బయటికి లాగి, జిల్లా కేంద్రంలో ఒక కారు సౌండు దుకాణానికి పోయాడు. కొత్త స్పీకరు పెట్టించాడు. దుకాణంవాడు రెండు వైపులా మార్చి మార్చి విని, అంతా బాగుందన్నాడు.

"మా ఇంటామె ఇనవడ్తలేదంటది."

"అయితె బండిల లోపం లేదన్నా," అని వాడు పక్కవాళ్ళకేసి చూసి నవ్వాడు. "వదినెనే మార్చాలె."

మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని మీలో ఒక సామెత ఉంది. అది కట్టినవాడు ఎన్నడూ దెబ్బ తిని ఉండడు. కానీ నవ్వుకు భగ్గుమనేవాళ్ళు లోకంలో ఉన్నమాట నిజమే, సారంగపాణి ఆ జాతి. చేతిలో ఉన్న పాత స్పీకరుతో వాడి కనుబొమ మీద కొట్టాడు. నెత్తురు కళ్ళలోకి కారింది. రెండో దెబ్బకు వాడు వంగి తప్పించుకున్నాడు, సారంగపాణి కుడి పిడికిలి గాజు కౌంటరులోకి దిగబడింది. నలుగురు కలిసి అతన్ని వెనక్కి లాగేసరికి అరచెయ్యి అడ్డంగా చీలింది. బండి నిండా నెత్తురు చుక్కలతో, ఒంటిచేత్తో కొత్తగట్టు దాకా నడుపుకొచ్చాడు.

స్వరూప సబ్ సెంటరులోంచి పెట్టె తెచ్చి, ముందు సీట్లో కూర్చుని, ఆ చెయ్యిని తన ఒళ్ళో పెట్టుకుంది. గాజు పెంకులు ఒక్కొక్కటే చిమటాతో తీసింది. మందు పోసి కడిగింది. అతను పళ్ళు బిగించి బుసకొట్టాడు. ఏ చెయ్యైతే తన చెవిని చింపిందో ఆ చెయ్యికే, వేళ్ళు బిగుసుకుపోకుండా, మెత్తగా, పద్ధతిగా కట్టు కట్టింది. నాకు ఆమె మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఆమె మాత్రం ముడి వేసి, మిగిలిన గుడ్డను కత్తిరించింది.

"కొత్త స్పీకరు వెట్టించిన," అన్నాడతను. పాట పెట్టాడు. "ఇప్పుడు చెప్పు. వస్తుందా లేదా?"

"నాకీ దిక్కు ఇనవడ్తలేదు."

కట్టు కట్టిన చెయ్యి ఈసారి పూర్తిగా లేచింది. ఆమెకు తల దాచుకునే వ్యవధి లేదు. నెల రోజులు అయింది, ఇంకా రెండు నెలలు ఉంది. చెయ్యి గాలిలో ఆగింది. వేళ్ళ మధ్యన కొత్త గుడ్డ ఎర్రబడుతోంది. ఆ నొప్పికే ఆగిందో, దేనికి ఆగిందో నాకు తెలియదు. దిగి వచ్చి నా మీద పడింది. నా పై డిప్ప నిలువునా పగిలింది, అతని నెత్తురు పగులులోకి ఇంకింది.

"కావాలని అంటున్నవే నువ్వు," అన్నాడు. "నా బండికి వంకలు వెడ్తున్నవ్. పా యాకూబన్న దగ్గరికి. ఆయన ముందట చెప్పు."

అలా ముగ్గురం మళ్ళీ ఆ దుకాణం ముందుకు వచ్చాం. యాకూబ్ బండిలో వెనక సీటు నుంచి ముందుకు వంగి కూర్చుని, పగిలిన నన్ను రబ్బరు బ్యాండు వేసి లోపల పెట్టి, మొదట తను విన్నాడు. ఎడమ స్పీకరు, కుడి స్పీకరు. తల ఊపాడు. తర్వాత స్వరూపను డ్రైవరు సీటూ ముందు సీటూ మధ్యన, సరిగ్గా నడిమిట్లో కూర్చోమన్నాడు.

"కండ్లు మూసుకో బిడ్డా. సౌండు ఎటు దిక్కు నుంచి వస్తె ఆ చెయ్యి లేపు. అంతే. మాట్లాడకు."

రేడియోల కాలం నుంచీ అతని పద్ధతి అది. మిషనును ఎంత పరీక్షిస్తాడో వినేవాళ్ళనూ అంత పరీక్షిస్తాడు. పాటను కుడి స్పీకరుకు తిప్పాడు. స్వరూప కుడి చెయ్యి లేపింది. ఎడమకు తిప్పాడు. పాటంతా ఎడమ తలుపులోంచి వస్తోంది, సారంగపాణి బయట నిలబడి స్వయంగా వింటున్నాడు. స్వరూప కాసేపు ఆగి, కుడి చెయ్యే లేపింది.

"మల్లొకసారి," అన్నాడు యాకూబ్. ఈసారి ఆమెను వెనక్కి తిరిగి, సీటు మీద మోకాళ్ళేసి కూర్చోమన్నాడు. ఎడమ తలుపు ఇప్పుడు ఆమెకు కుడి వైపుకు వచ్చింది. పాట ఎడమ తలుపులోనే ఉంది. ఆమె కుడి చెయ్యి వెంటనే లేచింది.

యాకూబ్ పాట ఆపేశాడు.

"బండి మంచిగనే ఉన్నది," అన్నాడు. "ఎప్పటిసంది బిడ్డా?"

"దసర పొద్దటిసంది."

యాకూబ్ మెల్లగా కిందికి దిగాడు. సారంగపాణి చేతి కట్టు వైపు చూశాడు. "కుడి చెయ్యోడు ఎదురుంగ నిలవడి కొడితె పోయేది ఎడమ చెవే, సారంగం."

"యాకూబన్నా, నోరు సంభాళించుకో," అని సారంగపాణి ముసలాయన కాలరు పట్టుకున్నాడు. "ఇంటి సంగతులు నీకెందుకు? నిన్ను అడిగింది సౌండు సంగతి. ఆ వైరు క్యాసెట్టే ఖరాబున్నది, నువ్వు తప్పు తుడిచినవ్. ఇంకోపాలి చూడు!"

అప్పుడు స్వరూప నా వైరు పట్టుకుని నన్ను బయటికి లాగింది. బండి దిగి, దుకాణం బల్ల మీద పెట్టింది. యాకూబ్ సుత్తి అక్కడే ఉంది. ఎత్తి కొట్టింది. మొదటి దెబ్బకు నా చక్రాలు ఎగిరిపోయాయి. రెండో దెబ్బకు ఇనుప ముక్క బల్లలోకి దిగింది. ఆమె ఇన్నాళ్ళూ పెంచని గొంతు ఆ రెండు దెబ్బల మీదే పెరిగింది. మూడో దెబ్బకు నేను క్యాసెట్టును కాదు. బస్టాండులో జనం మొత్తం ఇటు తిరిగారు.

"దీంట్ల లోపం లేకుండె," అంది. "స్పీకర్ల లేకుండె, ఫోన్ల లేకుండె. అన్ని ఇప్పి చూసినవ్. దినాం అడిగినవ్, దినాం చెప్పిన. నాకు ఇనవడ్తలేదన్న. ఒక్కనాడన్న నా జడ పక్కకు జరిపి చూసినవా? ఇగో, ఇది గూడ లేదిప్పుడు. ఇంకేం ఇప్పుతవ్?"

సారంగపాణి చెయ్యి కాలరు వదిలింది. అలవాటుగా పైకి లేచింది.

"ఇంకో దెబ్బ వడితె ఈ చెవి ఇగ రాదన్నడు డాక్టరు," అంది ఆమె. సుత్తి ఇంకా చేతిలోనే ఉంది. "లేపు."

అతను చూశాడు. ఆమె జడ వెనక్కి పడి, చెవిలోని దూది బయటికి కనబడుతోంది. అతను మొదటిసారి దాన్ని చూశాడు. చెయ్యి ఎక్కడ దించుకోవాలో తెలియనట్టు అలాగే నిలబడ్డాడు. స్వరూప సుత్తిని బల్ల మీద పెట్టింది. యాకూబ్‌కు, "బల్ల పాడైంది, ఏమనుకోకు అన్నా," అని చెప్పి, రోడ్డు దాటి బస్టాండులోకి నడిచింది. కొత్తగట్టు బస్సు బయలుదేరబోతోంది. ఎక్కింది.

నా ముక్కలను యాకూబ్ పారేయలేదు. ఆ వైరు ఇంకా పనికొస్తుందని ఒక పాత నూనె డబ్బాలో వేశాడు. రేడియో నాబులు, తెగిన బెల్టులు, పోయిన సెల్లుల మధ్యన అక్కడ పడి ఉన్నాను. నన్ను చంపిన మనిషి మీద నాకు కోపం లేదు. ఇంతకాలం నాకు పడ్డ దెబ్బలన్నిటిలో సరైన కారణానికి పడినవి ఆ మూడే.

ఎండాకాలం మొదట్లో స్వరూప ఫోను బ్యాటరీ మార్పించుకోవడానికి వచ్చింది. సబ్ సెంటరు వెనక గదిలోనే ఉంటోందట. యాకూబ్ ముందు చెవి సంగతే అడిగాడు.

"అతుక్కున్నదన్నా," అంది. "సప్పుడు జర దూరం నుంచి వచ్చినట్టు వస్తది. వస్తది మాత్రం. మొన్న ఈ చెవితోనే బిడ్డ గుండె ఇన్న." ఎడమ చేత్తో చెవి తాకి చూపించింది. యాకూబ్ బ్యాటరీకి బదులు స్క్రూడ్రైవరు అందించబోయి, నవ్వుకున్నాడు. ఆ రోజు డబ్బాలో ఉన్నవన్నీ చచ్చినవే అయినా, నాకు మాత్రం బతికినట్టే అనిపించింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం సారంగపాణి వచ్చాడు. ముందులా అరుస్తూ రాలేదు. చేతి గాయం మానింది, అరచేతిలో అడ్డంగా గీత మిగిలింది. కొత్త వైరు క్యాసెట్టు కావాలన్నాడు. యాకూబ్ నా జాతిదాన్నే ఒకదాన్ని తీసి, బండిలో పెట్టి, ఎడమకోసారి, కుడికోసారి తిప్పి వినిపించాడు.

"రెండు దిక్కుల గంట గొట్టినట్టు వస్తుంది, సారంగం."

సారంగపాణి ఖాళీ సీటు మీదికి వంగి, ఎడమ స్పీకరుకు చెవి ఆనించి, పాట అయిపోయేదాకా విన్నాడు. ఆ సీట్లో ప్యాసింజర్లను కూడా కూర్చోనివ్వడం లేదని అడ్డాలో చెప్పుకుంటారు.

"ఎడమ దిక్కు బంద్ చెయ్యన్నా," అన్నాడు.

"ఎందుకు? మంచిగున్నది గదా."

"వస్తలేదని చెప్పెటామె లేదు," అన్నాడు. "ఉత్తగ మోగుతుంటె నేను ఇనలేకపోతున్న."

యాకూబ్ నాబును కుడి వైపుకు తిప్పేశాడు.